ఎయిర్‌బోర్న్: ఇంతకీ మోసేది ఎవరు?

ఇంగ్లిష్‌లో ఎయిర్‌బోర్న్ అనే మాటని చాలామంది తప్పు రాస్తారు. చివర ఉండాల్సిన ‘ఈ’ అక్షరం ఎగిరిపోతుంది. పలకడంలో తేడా లేదు కాబట్టి చెవికి దొరకదు. తెలుగు లిపిలో రాస్తే కంటికీ దొరకదు. కానీ ఆ ఒక్క అక్షరం దగ్గర అర్థం రెండుగా చీలిపోతుంది. ‘ఈ’ లేని బోర్న్ అంటే పుట్టిన అని, ‘ఈ’ ఉన్న బోర్న్ అంటే మోసిన అని. మొదటిది రాస్తే గాలికి పుట్టింది, రెండోది రాస్తే గాలి మోస్తోంది. ఈ తేడా మనకి చెప్పాలంటే హనుమంతుణ్ణి మించిన ఉదాహరణ లేదు. వాయుపుత్రుడు కాబట్టి పుట్టుకతో ఆయన ‘ఈ’ లేని బోర్న్. మహేంద్రగిరి మీద నుంచి లంక వైపు లంఘించిన క్షణం నుంచి ‘ఈ’ ఉన్న బోర్న్.

నిఘంటువు తీస్తే ఎయిర్‌బోర్న్‌కి ‘ఎగురుతున్న’, ‘గాలిలో ఉన్న’ అని కనిపిస్తుంది. తప్పేం కాదు గానీ, ఈ మాటలో ఎగరడమూ లేదు, రెక్కలూ లేవు. ఉన్నదల్లా బరువు, దాన్ని మోసేవాడు. ఈ సంగతి పట్టుకోకపోతే పైలట్ నోట, సైనికుడి నోట, డాక్టర్ నోట ఇది మూడు వేరువేరు మాటల్లా వినిపిస్తుంది. 2020లో ప్రపంచం మొత్తం ఈ మాట దగ్గరే ఎందుకు తడబడిందో కూడా అర్థం కాదు.

బోర్న్ అనేది బేర్ అనే క్రియకి ఒక రూపం. ‘ఐ కాంట్ బేర్ ఇట్’ అంటాం కదా, ఆ బేర్. (ఎలుగుబంటికీ దీనికీ చుట్టరికం లేదు.) పాత ఇంగ్లిష్‌లో ఇది బెరన్. బస్తా మోయడం, బాధ భరించడం, బిడ్డని కనడం అన్నీ దీని పనులే. బిడ్డని కడుపులో మోసిన తల్లే కంటుంది కాబట్టి మోసిన, పుట్టిన అనే రెండు అర్థాలకీ మొదట ఒకటే మాట సరిపోయింది. స్పెల్లింగ్ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవాళ్లు. పుట్టుకకి ఒకటి, మోతకి ఒకటి అని పంపకాలు తేలేసరికి 18వ శతాబ్దం వచ్చింది.

ఈ బెరన్‌కి సంస్కృతంలో తోబుట్టువు ఉంది, భృ ధాతువు. భారం, భరణం, సంభారాలు, భృత్యుడు అన్నీ అందులోంచి వచ్చినవే. ‘భరించేవాడు భర్త’ అని పెళ్లిళ్లలో వేసే జోకు ఉంది చూశారూ, అది జోకు కాదు, అసలు వ్యుత్పత్తే. అయితే రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన బంధుత్వం కలిపేయకూడదు. ఇక్కడ కలపడానికి ఆధారం ఒక ధ్వని సూత్రం. సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట ఇంగ్లిష్ సొంత మాటల్లో ‘బ’ వస్తుంది. భ్రాత, బ్రదర్ అలాంటి జంటే. భార, బేర్ ఇంకో జంట. లాటిన్‌లో అదే ధ్వని ‘ఫ’గా మారి, ఫెర్రే అనే క్రియ అయింది. గవర్నమెంటు ఉద్యోగులు నెత్తిన మోసే ట్రాన్స్‌ఫర్‌లోని ఫర్ అదే. అటు నుంచి ఇటు మోయడం అని అర్థం.

తెలుగు ఈ కుటుంబానికి చెందిన భాష కాదు. మోయడం మన సొంత మాట, భరించడం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. అందుకే మనకి ఒక సౌకర్యం ఉంది. మూటని మోస్తాం, మాటని భరిస్తాం. చాలావరకు, బరువు కంటికి కనిపిస్తే సొంత మాట, కనిపించకపోతే అరువు మాట. ఇంగ్లిష్‌లో బేర్ ఒక్కటే ఆ రెండు పనులూ చేస్తుంది.

ఇక ఎయిర్ గ్రీకులో పుట్టి, లాటిన్, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లండ్ చేరింది. రెండూ కలిసి జంటపదం అయింది 1640ల నాటికే. విమానం సంగతి అలా ఉంచండి, వేడిగాలి బెలూన్ పైకి లేవడానికే ఇంకా 140 ఏళ్లు ఉంది. ఆ రోజుల్లో గాలి మోయగలిగినవి దుమ్ము, ఎండుటాకులు, దూదిపింజలు, వాసనలు. అంటే ఈ మాట పుట్టింది మనం అనుకునే ఆకాశయానం కోసం కాదు, నలుసుల కోసం. మన సామెతల్లో ఆ పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం అంటాం. ‘గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం’ అంటాం. ఎలాగూ దక్కని పిండిని దేవుడికిచ్చినట్టు పుణ్యం కొట్టేయడం అన్నమాట. ఆ ‘గాలికి పోయే’ అనేదే అచ్చమైన ఎయిర్‌బోర్న్. పిండి ఎగరలేదు, గాలి పట్టుకుపోయింది.

ఇంగ్లిష్‌లో దీనికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. కలరా వాటర్‌బోర్న్, అంటే నీళ్లు మోసేది. ఓడల మీద వెళ్లే సరుకు సీబోర్న్. రక్తం మోసే జబ్బులు బ్లడ్‌బోర్న్. ముందున్న మాట ఎప్పుడూ కూలీ పేరే. జంటపదం చూడగానే ‘ఏది కదులుతోంది’ అని కాకుండా ‘ఎవరు మోస్తున్నారు’ అని అడిగితే సగం చిక్కు విడిపోతుంది.

విమానంతో మొదలుపెడదాం. మా చెల్లెలు అమెరికా వెళ్లిన రాత్రి అమ్మ నిద్రపోలేదు. నా ఫోన్లో ‘డిపార్టెడ్’ అని రాగానే “బయల్దేరిందమ్మా” అని చెప్పాను. ఐదు నిమిషాలకి చెల్లెలి దగ్గర్నుంచి మెసేజ్: ఇంకా రన్‌వే దగ్గర క్యూలో ఉన్నాం. డిపార్టెడ్ అంటే విమానం నిలిపిన చోటు నుంచి కదిలిందని మాత్రమే. చక్రాలు నేలని విడిచిన నిమిషాన్ని వేరుగా రాసుకుంటారు. అదే ఎయిర్‌బోర్న్ టైమ్. అమ్మకి కావలసింది రెండోది.

ఆ నిమిషం లోపల ఏం జరుగుతుందో కిటికీ పక్క సీటులో కూర్చుంటే ఒంటికి తెలుస్తుంది. రన్‌వే మీద పరుగు మొదలైనప్పుడు విమానం బరువంతా చక్రాల మీదే. వేగం పెరిగేకొద్దీ రెక్కలు కొంచెం కొంచెంగా ఆ బరువుని పంచుకుంటాయి. కాక్‌పిట్‌లో ఒక పైలట్ ‘రొటేట్’ అంటాడు, రెండో పైలట్ ముక్కు పైకెత్తుతాడు. కింద గడగడ ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పటిదాకా బరువుకి కుదించుకుపోయి ఉన్న చక్రాల కాళ్లు సాగి వేలాడతాయి, ఒక్కోసారి ఆ ‘టక్’ లోపలికి వినిపిస్తుంది కూడా. అదే గడియ. భుజం మార్చుకున్నట్టు నేల దించిన బరువుని గాలి ఎత్తుకుంది.

నిజానికి ఇందులో ఇంకో తమాషా ఉంది. విమానం నేలని వదిలినా దాని బరువు నేలని వదలదు. రెక్కలు గాలిని కిందికి నొక్కుతాయి, ఆ ఒత్తిడి గాలి పొరల గుండా దిగి, చాలా పెద్ద విస్తీర్ణంలో పలచగా పరుచుకుని, చివరికి భూమి మీదే పడుతుంది. మన తల మీదుగా విమానం వెళ్తుంటే అందులో మనకీ చిటికెడు వాటా ఉంటుంది, తెలియనంత చిటికెడు. కూలీ మారాడు గానీ, ఆ కూలీ కూడా నిలబడింది నేల మీదే.

చక్రాలు బరువు మోస్తున్నాయా లేదా అన్నది విమానానికే తెలియాలి. లేకపోతే గాలిలో ఉండగా చేయకూడని పని చేస్తుంది. అందుకే చక్రాల కాళ్ల దగ్గర సెన్సర్లు ఉంటాయి. కాలు కుదించుకుని ఉంటే నేల మీద ఉన్నట్టు, సాగి ఉంటే ఎయిర్‌బోర్న్ అయినట్టు. 1993 సెప్టెంబర్ 14న పోలండ్ రాజధాని వార్సాలో వానలో దిగిన ఒక ఎయిర్‌బస్ ఏ320 విషయంలో ఈ లెక్కే తప్పింది. పక్కగాలి ఉంటుందనుకుని పైలట్లు విమానాన్ని ఒక పక్కకి కొద్దిగా వాల్చి, వేగం కాస్త ఎక్కువగా ఉంచి దింపారు. గాలి వెనక నుంచి తోసింది. ఒక పక్క చక్రాలు ముందు నేలని తాకాయి, రెండో పక్కవి దాదాపు 9 సెకన్ల తర్వాత తాకాయి. రన్‌వే మీద నీటిపొర వల్ల చక్రాలు సరిగా తిరగనూ లేదు. రెండు కాళ్ల మీదా తగినంత బరువు పడితే గానీ, లేదా చక్రాలు తగినంత వేగంగా తిరిగితే గానీ నేల మీద ఉన్నట్టు కంప్యూటర్ ఒప్పుకోదు. దాని లెక్క ప్రకారం విమానం ఇంకా ఎయిర్‌బోర్నే. రెక్కల మీద పైకి లేచి విమానాన్ని నేలకి అదిమే రేకులు, అంటే స్పాయిలర్లు, లేవలేదు. ఇంజిన్ తోపుని ముందుకి మళ్లించి వేగం తగ్గించే రివర్స్ థ్రస్ట్ పని చేయలేదు. విమానం రన్‌వే చివర దాటి మట్టికట్టని గుద్దుకుంది. ఇద్దరు చనిపోయారు. మోసేది గాలా నేలా అనే ప్రశ్నకి జవాబు 9 సెకన్లు ఆలస్యమైతే ఇంత జరిగింది.

ఎయిర్‌బోర్న్ అవడం వేరు, ఎగరడం వేరు అని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1890 అక్టోబర్ 9న ఫ్రాన్స్‌లో క్లెమాన్ అడేర్ గబ్బిలంలాంటి ఆవిరి యంత్రంలో కూర్చుని నేల నుంచి జానెడు ఎత్తులో సుమారు 50 మీటర్లు పోయాడు. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల మొదటి ప్రయత్నం 12 సెకన్లు, దాదాపు 37 మీటర్లు. దూరంలో అడేర్‌దే పైచేయి. అయినా చరిత్ర రైట్ సోదరుల వైపే మొగ్గింది. అడేర్‌ని గాలి మోసింది, అంతే. ఎటు పోవాలో చెప్పే దారి ఆయన చేతిలో లేదు. రైట్ సోదరులకి ఆ దారి తెలుసు. గాలికి పోయిన కంపకీ గద్దకీ ఉన్న తేడా ఇదే.

సైన్యం చేతికి ఈ మాట 1930లలో వచ్చింది. అప్పటికి సోవియట్లు, జర్మన్లు సైనికుల్ని పారాషూట్లతో దింపడం మొదలుపెట్టారు. 1942 ఆగస్టులో అమెరికా 82వ డివిజన్ తమ దేశపు మొదటి ఎయిర్‌బోర్న్ డివిజన్ అయింది, ఆ వెంటనే 101వది వచ్చింది. వాళ్లలో అందరూ దూకేవాళ్లు కారు. ఇంజిన్ లేని గ్లైడర్లలో కూర్చుని పొలాల్లో దిగినవాళ్లూ ఎయిర్‌బోర్నే. మన దేశంలో ఇలాంటి దళాలకి పారాషూట్ అనే పేరే స్థిరపడింది. 1971 డిసెంబర్ 11న, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర పారాషూట్లతో దిగింది 2 పారా బెటాలియన్. ఎయిర్‌బోర్న్ సైనికుడు యుద్ధం చేసేది ఆకాశంలో కాదు, నేల మీదే. ఆ విశేషణం ఆయన ఎలా వచ్చాడో చెబుతుంది, ఏం చేస్తాడో చెప్పదు.

ఇక అసలు చిక్కు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్విట్టర్‌లో ఒక ప్రకటన పెట్టింది: వాస్తవం, కోవిడ్-19 ఎయిర్‌బోర్న్ కాదు. తెలుగులో చెబితే అది ‘గాలి ద్వారా రాదు’ అవుతుంది. దానికి 18 రోజుల ముందు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ అనే చోట ఒక గాయక బృందం రెండున్నర గంటలు పాటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. జబ్బు లక్షణాలున్నది ఒక్కరికి. తర్వాత రోజుల్లో కోవిడ్ బారిన పడినవాళ్లు, అనుమానిత కేసులతో కలిపి, ఆ ఒక్కరు కాక 52 మంది. ఇద్దరు పోయారు. అంతమందికి చేతుల ద్వారానే అంటుకుందంటే నమ్మడం కష్టం.

మరి ఆ సంస్థలోని డాక్టర్లు అబద్ధం చెప్పారా? లేదు. వాళ్ల వృత్తిలో ఎయిర్‌బోర్న్ అనేది చాలా ఇరుకైన పారిభాషిక పదం. తట్టు, క్షయ, ఆటలమ్మ లాంటి కొద్ది జబ్బులకే ఆ ముద్ర. ఆ ముద్ర పడిందంటే ఎన్95 మాస్కులు, గాలి బయటికి పోకుండా ప్రత్యేకమైన గదులు, బోలెడంత ఖర్చు. భౌతికశాస్త్రవేత్తలకి మాత్రం గాలిలో తేలుతూ ముక్కులోకి పోయేది ఏదైనా ఎయిర్‌బోర్నే. ఒకే మాటని ఇద్దరు రెండు కొలతలతో వాడుతున్నారు.

ఆ కొలతల్ని అర్థం చేసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, కళ్లం చాలు. తూర్పారబట్టడం చూసినవాళ్లకి తెలుసు. ఎత్తుమీద నిలబడి చేటతో ధాన్యం పోస్తుంటే గట్టిగింజ కాళ్ల దగ్గరే రాశి పడుతుంది. తాలు కాస్త అవతల పడుతుంది. పొట్టు ఇంకా దూరం పోతుంది. సన్నటి దుమ్ము ఎక్కడ వాలుతుందో ఎవరికీ తెలియదు, కళ్లంలో ఉన్నవాళ్ల జుట్టులో ఉంటుంది. దగ్గులో, పాటలో, మాటలో వచ్చే తుంపరలు కూడా ఇంతే. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. నిలకడగా ఉన్న గాలిలో, నోటి ఎత్తు నుంచి 100 మైక్రాన్ల చుక్క సుమారు 5 సెకన్లలో నేల చేరుతుంది. 5 మైక్రాన్లది దిగడానికి అరగంట పైన పడుతుంది. 1 మైక్రాన్‌ది 12 గంటలు.

ఈ గీత ఎక్కడ గీయాలో 1934లోనే విలియం వెల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు లెక్కగట్టాడు. సుమారు 100 మైక్రాన్లు దాటినవి పడిపోతాయి, అంతకంటే చిన్నవి ఆరిపోయి తేలుతూ ఉంటాయి అన్నాడు. వినేవాళ్లు తక్కువ. అంతకుముందు 1910లోనే చార్లెస్ చాపిన్ అనే ప్రజారోగ్య అధికారి జబ్బులు ముఖ్యంగా దగ్గరితనం వల్లే వస్తాయని గట్టిగా చెప్పి ఉన్నాడు. ఆయన బాధ కూడా న్యాయమైనదే. చెడుగాలి వల్లే రోగాలు అనే శతాబ్దాల నమ్మకాన్ని వదిలించడానికి ఆయన తరం చాలా కష్టపడింది. మలేరియా పేరుకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం, మోసేదేమో దోమ. మళ్లీ గాలి అనే మాట ఎత్తితే కథ మొదటికొస్తుందని భయం.

1950ల చివర్లో వెల్స్, ఆయన శిష్యుడు రిచర్డ్ రైలీ కలిసి బాల్టిమోర్‌లో క్షయ రోగుల వార్డు నుంచి గాలిని గొట్టాల గుండా పైకి తీసుకెళ్లి, అక్కడ సుమారు 150 గినీ పందుల్ని ఉంచారు. అవి రోగుల్ని తాకలేదు, చూడను కూడా లేదు. చాలావాటికి క్షయ వచ్చింది. దాంతో క్షయ ఎయిర్‌బోర్న్ అని ఒప్పుకున్నారు. కానీ అక్కడే ఒక పొరపాటు దొర్లింది. క్షయ క్రిమి పట్టుకోవాలంటే ఊపిరితిత్తుల అట్టడుగుకి చేరాలి, అక్కడిదాకా పోయేవి 5 మైక్రాన్ల లోపువే. ఈ 5 అనే అంకె క్రమంగా తన సందర్భాన్ని పోగొట్టుకుని, గాలిలో తేలేవాటికీ పడిపోయేవాటికీ మధ్య హద్దుగా పాఠ్యపుస్తకాల్లో కూర్చుంది. 100 ఉండాల్సిన చోట 5. మహమ్మారి రోజుల్లో లిన్సే మార్, కేటీ రాండాల్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు పాత కాగితాలన్నీ తిరగేసి ఈ కలగాపులగాన్ని బయటపెట్టారు.

దీని ఫలితం మన వీధుల్లో చూశాం. కిరాణా కొట్ల ముందు, రైతుబజార్లలో సున్నంతో గుండ్రాలు గీశారు. కూరగాయల్ని ఉప్పునీళ్లలో కడిగాం, పాల ప్యాకెట్లని తుడిచాం. మూసిన హాలులో కిటికీ తీయమని చెప్పినవాళ్లు తక్కువ. ధాన్యం రాశికి కొలత గీసి దుమ్ముని వదిలేశాం. 2020 జులైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన బహిరంగ లేఖకి 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వెబ్‌సైట్‌లో కోవిడ్‌కి ఎయిర్‌బోర్న్ అనే మాటని సూటిగా వాడేసరికి 2021 డిసెంబర్ వచ్చింది.

తెలుగులో మనకి ఇంకో అడ్డంకి ఉంది, అది మన మాటలోనే ఉంది. అంటువ్యాధి అంటాం. అంటు అంటే తగలడం, అతుక్కోవడం. పేరులోనే స్పర్శ ఉన్నప్పుడు ముట్టుకోకుండా వచ్చే జబ్బుని ఊహించడం కష్టమే. ‘గాలి ద్వారా అంటుకుంటుంది’ అనే వాక్యంలో మొదటి సగానికీ రెండో సగానికీ పొత్తు కుదరదు. సోకడం కాస్త నయం. దాని అర్థమూ తగలడమే అయినా, గాలి సోకింది అనే వాడుక మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. పిల్లాడికి గాలి సోకిందంటే దెయ్యమో దిష్టో అని పెద్దవాళ్ల ఉద్దేశం, నిజమే. కానీ కంటికి కనిపించనిది గాలిలో వచ్చి ఒంట్లో చేరుతుందన్న ఊహకి ఆ మాటలో చోటుంది. అంటుకి ఆ చోటు లేదు.

అందుకే అనువాదంలో ఒకే మాటతో అన్నిచోట్లా నెట్టుకురావాలనే పట్టుదల నేను వదిలేశాను. విమానం అయితే ‘నేల విడిచింది’ అని రాస్తాను, ‘నేల విడిచి సాము’ అని తప్పుపట్టేవాళ్లుంటే పట్టనీ. సైన్యం అయితే ఎయిర్‌బోర్న్ అనే ఉంచేస్తాను, దళం పేరుని విప్పకూడదు. దుమ్ము, పుప్పొడి, పొగ అయితే ‘గాలికి వచ్చే’. జబ్బు దగ్గరే కాస్త ఆగాలి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత గీతల్ని చెరిపి కొత్త పరిభాష ప్రకటించింది. చుక్క పెద్దదా చిన్నదా అనే విభజన తీసేసి, అన్నిటినీ ‘గాలి గుండా వ్యాపించేవి’ అనే గొడుగు కిందికి తెచ్చింది. అందులో రెండు దారులు. ఒకటి ఊపిరితో లోపలికి పోవడం, రెండోది నోటి మీదో ముక్కు మీదో కంటిలోనో నేరుగా వచ్చి పడటం. ఇంగ్లిష్‌లో ఈ రెండింటి పేర్లూ ఆ రంగంవాళ్లకే నోరు తిరుగుతాయి. తెలుగులో ఒకటి పీలిస్తే వచ్చేది, ఇంకోటి మీద పడితే వచ్చేది. ఇందులో బోర్న్ లేదు, చివర ‘ఈ’ మర్చిపోతామనే టెన్షనూ లేదు.